గోడ మీది రంగులు, గుమ్మానికి వచ్చిన కవర్లు

1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ ఆడిటోరియంలో వారం వారం రాక్ కచేరీలు నడిపిన బిల్ గ్రాహం, ప్రతి కచేరీకీ కొత్త పోస్టరు గీయించేవాడు. అదే బొమ్మను కార్డు సైజులో కూడా అచ్చు వేయించి, చిరునామా రాసిచ్చిన వాళ్లకు పోస్టులో పంపేవాడు. అందుకు పైసా పుచ్చుకునేవాడు కాదు. వచ్చే శుక్ర, శనివారాల్లో ఎవరు వాయిస్తారో చెప్పడమే ఆ కార్డు పని. ఆదివారం తెల్లవారితే దాని పని అయిపోయినట్టే. అయినా జనం దాన్ని పారేయలేదు. గోడకు అతికించుకున్నారు, పుస్తకాల మధ్య దాచుకున్నారు. ఆ రోజుల పోస్టర్లు ఇవాళ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం సేకరణలో ఉన్నాయి.

ఈ బాణీకి సైకెడెలిక్ కళ అని పేరు. ఆ మాట పుట్టింది కూడా ఒక ఉత్తరంలోనే. 1956లో మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్, రచయిత ఆల్డస్ హక్స్‌లీకి రాసిన జాబులో రెండు గ్రీకు మాటలు కలిపి దాన్ని తయారుచేశాడు. మనసును కనబరిచేది అని అర్థం. ఎల్‌ఎస్‌డీ లాంటి పదార్థాల ప్రభావానికి పేరు పెట్టాలన్నది ఆయన ఉద్దేశం. ఎల్‌ఎస్‌డీని స్విట్జర్లాండులోని సాండోజ్ సంస్థలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేశాడు. అది మనసు మీద ఏం చేస్తుందో ఆయనకే 1943లో అనుభవంలోకి వచ్చింది. కాలిఫోర్నియా దాన్ని 1966 అక్టోబరు 6న నిషేధించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అది నేరం. ఆ మత్తు చాలామంది యువకుల బతుకులు పాడుచేసిన మాట నిజం, దాన్ని దాచిపెట్టి ఈ చరిత్ర రాయకూడదు. కానీ బొమ్మల ఘనతను మత్తు ఖాతాలో వేయడమూ అన్యాయమే. వాటి వెనక ఉన్నది చిత్రకళ చదువు, అచ్చుపనిలో అనుభవం, రాత్రుళ్లు నిద్ర మానుకుని చేసిన అక్షరాల కూర్పు.

ఈ కళాకారులకు తగిలించే అండర్‌గ్రౌండ్ అన్న మాటను కూడా ఇక్కడ సరిగ్గా పట్టుకోవాలి. వీళ్లు నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లు కారు. గ్యాలరీలు, పెద్ద పత్రికలు, పెద్ద ప్రచురణకర్తల దారి కాకుండా తమ దారిన తాము అచ్చువేసి పంచుకున్నవాళ్లు. టెలిఫోన్ స్తంభం, కాఫీ దుకాణం కిటికీ, పోస్టు డబ్బా: వీళ్లకు ప్రదర్శనశాలలు ఇవే.

అక్షరాలే బొమ్మలైన పోస్టర్లు

ఈ పరంపరకు ఆదిగా 1965 వేసవిలో నెవాడా రాష్ట్రం వర్జీనియా సిటీలోని రెడ్ డాగ్ సెలూన్ అనే మద్యశాల కోసం వచ్చిన పోస్టరును చెబుతారు. చార్లటన్స్ రాక్ బృంద సభ్యులు జార్జ్ హంటర్, మైకేల్ ఫెర్గూసన్ దాన్ని గీశారు. 'ద సీడ్', అంటే విత్తనం, అన్న పేరు తర్వాత స్థిరపడింది. మరుసటి ఏడాదికల్లా శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు అడ్డాలు తయారయ్యాయి. బిల్ గ్రాహం ఫిల్‌మోర్ ఒకటి, ఛెట్ హెల్మ్స్ నడిపిన ఫ్యామిలీ డాగ్ వాళ్ల అవలాన్ బాల్‌రూమ్ మరొకటి. ఇద్దరి మధ్యా పోటీ. ఆ పోటీలో లాభపడింది పోస్టరు కళ.

వెస్ విల్సన్ అప్పటికే అచ్చాఫీసులో పనిచేస్తున్న మనిషి. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జరిగిన జర్మన్ పోస్టర్ల ప్రదర్శన కేటలాగు ఆయన చేతికి వచ్చింది. అందులో వియన్నా కళాకారుడు ఆల్‌ఫ్రెడ్ రోలర్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో రాసిన దిట్టమైన అక్షరాలున్నాయి. విల్సన్ వాటిని సాగదీశాడు, వంచాడు, ఇచ్చిన చోటంతా నిండేలా ఉబ్బించాడు. 1966 జులైలో అసోసియేషన్ బృందం కచేరీకి గీసిన పోస్టరులో పేర్లన్నీ ఎర్రటి మంటల్లా పైకి లేస్తాయి, వెనక ఆకుపచ్చ. చదవాలంటే నిలబడాలి, ఒక్కో అక్షరాన్నీ విడదీసుకోవాలి. దారిన పోయేవాడు ఒక్క చూపులో చదివేయాలన్నది ప్రకటనల సూత్రం. దారిన పోయేవాడు ఆగిపోవాలన్నది విల్సన్ సూత్రం.

ఆ పని లోతు తెలియాలంటే విక్టర్ మొస్కోసోను దగ్గర నుంచి చూడాలి. 1936లో స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన ఈయన, న్యూయార్క్ కూపర్ యూనియన్‌లోనూ ఆ తర్వాత యేల్‌లోనూ చదివాడు. యేల్‌లో రంగుల పాఠం చెప్పింది జోసెఫ్ ఆల్బర్స్. పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చేస్తాయో రంగు కాగితాల ముక్కలతో చూపించే గురువు ఆయన. ఎరుపు పక్కన నీలం, నారింజ పక్కన ఆకుపచ్చ, రెండింటికీ ఒకే మోతాదు వెలుగు ఉండేలా పెడితే వాటి అంచు కంట్లో నిలవదు, వణుకుతుంది. చదువరికి ఇబ్బంది గనుక అక్షరాల విషయంలో ఇలా చేయవద్దని బళ్లో నేర్పుతారు. మొస్కోసో పోస్టర్లలో సరిగ్గా అదే చేశాడు. గీతకూ నేపథ్యానికీ మధ్య కన్ను ఎక్కడ ఆగాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది, కాగితం కదులుతున్నట్టే అనిపిస్తుంది. కొన్ని పోస్టర్లలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఎరుపు సిరాతో ఒక భంగిమ, దాని మీదే నీలం సిరాతో మరో భంగిమ అచ్చువేశాడు. చీకటి గదిలో రంగు బల్బులు మార్చి మార్చి వెలిగిస్తే ఒకటి మాయమై ఇంకొకటి తేలుతుంది. నిశ్చలంగా ఉన్న కాగితం మీద బొమ్మ ఆడుతుంది. 1967లో 'నియాన్ రోజ్' పేరిట వచ్చిన ఆయన పోస్టర్ల వరుసలో ఈ సాధన పరాకాష్ఠకు చేరింది.

స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ జంట దారి వేరు. వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలో పాత బొమ్మల పుస్తకాలు తిరగేసేవాళ్లు. ఒమర్ ఖయ్యాం రుబాయతులకు ఎడ్మండ్ సలివన్ గీసిన ఒక నలుపు తెలుపు బొమ్మ అలా కంటపడింది: గులాబీల మధ్య అస్థిపంజరం. దానికి రంగులద్ది, అక్షరాలు చేర్చి, 1966 సెప్టెంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి వాడారు. ఆ బృందానికి అదే చిహ్నమైపోయింది. పారసీక కవి పద్యాలు, ఇంగ్లిషు చిత్రకారుడి గీత, కాలిఫోర్నియా రాక్ సంగీతం ఒక్క కాగితం మీద కలిశాయి. సముద్రపు అలలపై ఆటలాడే కుర్రాళ్ల పత్రికకు కార్టూన్లు గీస్తూ వచ్చిన రిక్ గ్రిఫిన్, 1968లో జిమి హెండ్రిక్స్ కచేరీకి రెక్కలున్న కనుగుడ్డు గీశాడు. ఈ తరహా కళ అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది అదే.

ఉచితం అన్న మాట చుట్టూ తగాదా లేకపోలేదు. పోస్టర్లు ఊరంతా పాకి, అమ్మకానికి కూడా వచ్చాక, గీసినవాడికి దక్కేదెంత అన్న ప్రశ్న లేచింది. 1967లో ఆ విషయంలోనే విల్సన్‌కూ గ్రాహంకూ చెడింది. వెళ్లిపోయే ముందు విల్సన్ గీసిన ఒక పోస్టరులో పాము కోరల మధ్య డాలరు గుర్తు కనిపిస్తుంది. అభిమానికి ఉచితంగా ఇవ్వడం వేరు, కళాకారుడి చేత ఉచితంగా చేయించుకోవడం వేరు. ఈ రెండో దాన్ని ఎత్తిచూపిన విల్సన్ పక్షానే న్యాయం ఉంది. ఆయన ఖాళీ చేసిన చోట గ్రాహం భార్య బానీ మెక్లీన్ కూర్చుంది. అంతకుముందు ఫిల్‌మోర్‌లో రాబోయే కచేరీల వివరాలు బోర్డుల మీద రాసే పని ఆమెది. మగవాళ్ల పేర్లే వినిపించే ఈ చరిత్రలో ఆమె పోస్టర్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

విరాట్ పురుషుడు ఆల్బం మీదికి

భారతీయ బొమ్మలు కూడా ఈ కళలోకి ధారాళంగా వచ్చాయి. 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో జరిగిన 'హ్యూమన్ బి-ఇన్' అనే పెద్ద కూడికకు వేసిన పోస్టరులో ఒక సాధువు, నుదుట మూడో కన్ను. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన హెండ్రిక్స్ ఆల్బం 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' అట్ట చూస్తే తెలుగువాళ్లెవరైనా ఇట్టే గుర్తుపడతారు. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద చూసే విశ్వరూపమే అది, విష్ణువు ముఖం ఉండాల్సిన చోట బృందంలోని ముగ్గురి ముఖాలు. హెండ్రిక్స్‌కు అది నచ్చలేదు. తన వంశంలో ఉన్నది అమెరికా ఆదివాసుల నెత్తురు, ఇండియన్ అంటే ఆ ఇండియన్ కదా అన్నది ఆయన బాధ. భక్తులకూ అది నొప్పి కలిగించింది. 2014లో మలేషియా ప్రభుత్వం ఆ బొమ్మను నిషేధించింది. అందంగా ఉందని అరువు తెచ్చుకున్నారే తప్ప, అది ఎవరికి పూజనీయమో అడగలేదు. ఈ ఉద్యమం మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదుల్లో ఇదొకటి.

డబ్బు ప్రసక్తి లేని పంపకం

శాన్‌ఫ్రాన్సిస్కో హైట్-ఆష్‌బరీ పేటలో 1966 చివర డిగ్గర్స్ అనే నాటక బృందం వీధి వంట మొదలుపెట్టింది. పార్కులో అన్నం తినాలనుకున్నవాళ్లు ఒక పెద్ద పసుపుపచ్చ చట్రంలోంచి దూరి రావాలి. డబ్బు లెక్క వదిలి లోకాన్ని వేరే చట్రంలోంచి చూడమని దాని భావం. వాళ్ల ఉచిత దుకాణాల్లో ఎవరైనా ఏదైనా తీసుకోవచ్చు, పెట్టి వెళ్లవచ్చు. వాళ్లకు తోడుగా 1967లో ఛెస్టర్ ఆండర్సన్, క్లాడ్ హేవర్డ్ కమ్యూనికేషన్ కంపెనీ పేరిట గెస్టెట్నర్ నకలు యంత్రాలు పెట్టి, కవితలు, హెచ్చరికలు, ప్రకటనలు అచ్చువేసి వీధుల్లో ఉచితంగా పంచారు.

ఆ పేట పత్రిక 'శాన్‌ఫ్రాన్సిస్కో ఓరకిల్'. 1966 నుంచి 1968 దాకా 12 సంచికలే వచ్చాయి. అచ్చు యంత్రపు సిరా తొట్టిలో ఒక కొసన ఒక రంగు, ఇంకో కొసన ఇంకో రంగు పోస్తే, రోలరు తిరిగేకొద్దీ రెండూ నడుమ కలిసి ఇంద్రధనుస్సులా కాగితం మీదికి దిగుతాయి. ఓరకిల్ పుటలకు ఆ జిగి అలా వచ్చింది. కొన్ని ప్రతుల మీద మల్లె అత్తరు కూడా చల్లారు! 1968 ఫిబ్రవరిలో రాబర్ట్ క్రంబ్ 'జాప్ కామిక్స్' తొలి సంచికను హైట్ వీధిలో పిల్లల తోపుడుబండిలో పెట్టుకుని అమ్మారు. తర్వాత గ్రిఫిన్, మొస్కోసో కూడా ఆ పత్రికలో చేరారు. లండన్‌లో మైకేల్ ఇంగ్లిష్, నైజెల్ వేమౌత్ జంట 'హాప్‌షాష్ అండ్ ద కలర్డ్ కోట్' పేరుతో యూఎఫ్ఓ క్లబ్బుకు పోస్టర్లు చేసింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మార్టిన్ షార్ప్ 'ఓజ్' పత్రికకు రంగులు పోశాడు.

పోస్టు ద్వారా పంచుకోవడాన్ని ఒక కళగా మలిచినవాడు మాత్రం న్యూయార్క్‌లోని రే జాన్సన్. సైకెడెలిక్ గుంపులోని మనిషి కాదు గానీ, ఈ వ్యాసానికి ఆయన లేకుండా కుదరదు. కుందేలు తల గీసి, పత్రికల ముక్కలు అతికించి, 'దీనికి ఏదైనా చేర్చి ఫలానా వారికి పంపండి' అన్న సూచనతో జాబులు పంపేవాడు. 1960లలో అది 'న్యూయార్క్ కరస్పాండెన్స్ స్కూల్' అయింది. ఆ పేరులో డాన్స్ అన్న మాట వినిపించేలా అక్షరం మార్చి రాసేవాడు. 1970లో విట్నీ మ్యూజియంలో ఆ జాబులకు ప్రదర్శన పెట్టారు. మెయిల్ ఆర్ట్ అనే ప్రపంచవ్యాప్త అలవాటుకు అదే మూలం. ఎంపిక సంఘం ఉండదు, రుసుము ఉండదు, పంపింది తిరిగి రాదు.

ఇక గ్రేట్‌ఫుల్ డెడ్. 1971లో వచ్చిన వాళ్ల జంట ఆల్బం లోపలి అట్ట మీద, అభిమానులు పేరూ చిరునామా పంపితే సమాచారం తెలియజేస్తామని చిన్న ప్రకటన వేశారు. ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. బృందం బొమ్మలు, కబుర్లతో కరపత్రికలు పంపింది. 1974లో కొత్త పాటల చిన్న రికార్డును కూడా ఆ జాబితాలోని వాళ్లకు ఉచితంగా పోస్టు చేసింది. 1983 నుంచి టికెట్లను బృందమే స్వయంగా పోస్టులో అమ్మడం మొదలుపెట్టాక దారి తిరగబడింది. టికెట్టు అడుగుతూ పంపే కవర్ల మీద అభిమానులే గులాబీలు, పుర్రెలు, నాట్యమాడే ఎలుగుబంట్లు గంటల తరబడి గీసి పంపారు. ఆ కవర్లను ఆఫీసు పారేయలేదు. అవి ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ ప్రాంగణంలోని గ్రేట్‌ఫుల్ డెడ్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

పోస్టర్ల ఊరు నుంచి కంప్యూటర్ ఆటలకు

పోస్టర్ల లోకాన్నీ కంప్యూటర్ల లోకాన్నీ కలిపిన మనిషి స్టువర్ట్ బ్రాండ్. 1966 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ట్రిప్స్ ఫెస్టివల్ నిర్వాహకుల్లో ఆయనొకడు. 1972 డిసెంబరులో 'రోలింగ్ స్టోన్' పత్రికలో 'స్పేస్‌వార్' అనే కంప్యూటర్ ఆట గురించి, దాన్ని రాత్రుళ్లు ఆడే ప్రోగ్రామర్ల గురించి పెద్ద వ్యాసం రాసిందీ ఆయనే. 1985లో లారీ బ్రిలియంట్‌తో కలిసి 'ద వెల్' అనే ఆన్‌లైన్ సమాజాన్ని స్థాపించాడు. ఈ బ్రిలియంట్, భారతదేశంలో మశూచి నిర్మూలనకు పనిచేసిన వైద్యుడు. వెల్‌ను తొలి రోజుల్లో నిలబెట్టినవాళ్లలో డెడ్ అభిమానులే ఎక్కువ.

ఆటలకు తపాలా కానుక అప్పటికే అలవాటైంది. 1979లో మొదలైన యాక్టివిజన్ సంస్థ, అటారీ ఆటల్లో ఫలానా స్కోరు దాటినవాళ్లకు ఎంబ్రాయిడరీ బిళ్లలు ఉచితంగా పంపేది. 1982లో వచ్చిన 'పిట్‌ఫాల్' ఆటకైతే 20,000 పాయింట్లు కావాలి. ఆ స్కోరు టీవీ తెర మీద ఉండగానే కెమెరాతో ఫొటో తీసి, రీలు కడిగించి, ఉత్తరంలో పెట్టి పంపాలి. కొన్నాళ్లకు ఒక జాబు, దాంతోపాటు చొక్కాకు కుట్టుకునే బిళ్ల. ఒంటరిగా గదిలో సాధించిన గెలుపు అలా బడిలో నలుగురికీ కనిపించేది.

ఇన్ఫోకామ్ కథ ఇంకా రసవత్తరం. బొమ్మలు లేని, మాటలే ఉన్న ఆటలు వాళ్లవి. 1982లో 'డెడ్‌లైన్' అనే హత్యాపరిశోధన ఆట రాస్తే, సాక్ష్యాలన్నీ ఫ్లాపీ డిస్కులో పట్టలేదు. సరే, కాగితం మీద ఇద్దాం అనుకున్నారు. పెట్టె తెరిస్తే సాక్షుల వాంగ్మూలాలు, ప్రయోగశాల నివేదిక, హత్య జరిగిన గది ఫొటో, చిన్న ప్లాస్టిక్ సంచిలో మాత్రలు. డిస్కు పెట్టకముందే పోలీసు బల్ల ముందు కూర్చున్నట్టుంటుంది. జనానికి అవెంత నచ్చాయంటే, ఆ తర్వాత ప్రతి ఆటలోనూ పెట్టారు. 'ఫీలీస్' అని పేరూ వచ్చింది. 1984లో 'హిచ్‌హైకర్స్ గైడ్' పెట్టెలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచి ఉంటుంది, అందులో ఉన్నది కంటికి కనిపించని అంతరిక్ష నౌకాదళం! ఆట కొని కార్డు నింపి పంపినవాళ్లకు 'ద న్యూ జోర్క్ టైమ్స్' అనే పత్రిక ఉచితంగా వచ్చేది. పేరు విషయంలో న్యూయార్క్ టైమ్స్ అభ్యంతరం చెప్పాక 1986లో దాన్ని 'ద స్టేటస్ లైన్'గా మార్చారు.

సైకెడెలిక్ రంగులను ఆటల్లోకి సూటిగా తెచ్చింది బ్రిటన్‌కు చెందిన జెఫ్ మింటర్. 1982లో లామాసాఫ్ట్ పెట్టి, 1984లో 'సైకెడెలియా' అనే ప్రోగ్రాం రాశాడు. అందులో గెలుపోటములు లేవు. సంగీతం వింటూ జాయ్‌స్టిక్ కదిపితే తెర మీద వెలుగు పూలు విచ్చుకుంటాయి. ఫిల్‌మోర్ గోడల మీద రంగు నూనె, నీళ్లు గాజు పళ్లెంలో తిప్పి ప్రొజెక్టరుతో వేసిన వెలుగు ఆటకు ఇది ఇంటి కంప్యూటర్‌లోని వారసురాలు. 1994లో వచ్చిన 'టెంపెస్ట్ 2000' ఆ వరుసలో ఆయన శిఖరం.

ఆన్‌లైన్ ఆటల కాలంలో కవరు బరువు ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆటంతా చేతికి అందని చోట జరుగుతోంది. 2004 వేసవిలో 'హేలో 2' ఆట విడుదలకు ముందు, బయటి లోకంలో ఆధారాలు వెతికే తరహా ఆటలు అంతకుముందు ఆడిన కొద్దిమందికి పోస్టులో తేనె సీసాలు వచ్చాయి. తేనెలో మునిగిన అక్షరాలను ఏరి కూర్చితే 'ఐ లవ్ బీస్' అని వచ్చింది. 42 ఎంటర్‌టైన్‌మెంట్ బృందం నడిపిన ఆ ఆట, అమెరికా అంతటా పబ్లిక్ టెలిఫోన్ల దగ్గరికి జనాన్ని పరుగులు పెట్టించింది. 2014లో 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' పదేళ్ల పండుగకు, మొదటినుంచీ చందా మానకుండా ఆడినవాళ్లకు బ్లిజార్డ్ సంస్థ తమ ప్రాంగణంలోని ఓర్క్ యోధుడి విగ్రహానికి చిన్న ప్రతిమ ఉచితంగా పంపింది.

తేనె సీసా ప్రచారం కోసమే, ఓర్క్ బొమ్మ చందాదారులను నిలుపుకోవడానికే అనవచ్చు. నిజమే. 1966 నాటి కార్డు కూడా టికెట్లు అమ్మడానికే కదా. తేడా శ్రమలో ఉంది. తేదీ, పేర్లు చెప్పడానికి నాలుగు వరుసలు చాలు. విల్సన్ వాటి మీద రోజులు గడిపాడు. ఖాళీ సంచిని పెట్టెలో పెట్టాలన్న ఆలోచన కూడా అలాంటి శ్రద్ధ నుంచి వచ్చిందే. జనం దాచుకున్నవన్నీ అవసరానికి మించి పని పెట్టినవే. పేరు అచ్చేసి కట్టలుగా పంచే కీచైన్లు, స్టిక్కర్లు ఎందుకు చెత్తబుట్టలో పడతాయో కూడా దీన్ని బట్టే తెలుస్తుంది.

పంచుకోవడం అన్న గుణాన్ని చివరిదాకా పాటించిన ఆన్‌లైన్ ఆట 'గ్లిచ్'. పదకొండు మహాకాయుల ఊహల్లో నడిచే, కలల్లాంటి బొమ్మల లోకం అది. 2011లో మొదలై 2012 డిసెంబరు 9న మూతపడింది. దాన్ని స్థాపించిన స్టువర్ట్ బటర్‌ఫీల్డ్ పుట్టింది కెనడాలోని ఒక హిప్పీ సమూహంలో. తల్లిదండ్రులు పెట్టిన పేరు ధర్మ. ఆట నడవకపోయినా దాని బృందం అదే పనిలో కట్టుకున్న సంభాషణ సాధనం 'స్లాక్'గా పెరిగింది. 2013 నవంబరులో వాళ్లు గ్లిచ్‌లోని చెట్లు, జంతువులు, ఇళ్లు, 10,000కు పైగా బొమ్మలూ ఇతర సామగ్రీ, ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చంటూ హక్కులన్నీ వదిలేసి ఇచ్చేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ 1994లో మళ్లీ తెరుచుకుంది. లోపలికి వచ్చేవాళ్లకు గుమ్మం దగ్గర తొట్టిలో ఆపిల్ పళ్లు ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. టికెట్లన్నీ అమ్ముడైన రాత్రుల్లో చాలాసార్లు, కచేరీ అయ్యాక బయటికి వెళ్లేవాళ్ల చేతిలో ఆ రోజు పోస్టరు ఉచితంగా పెట్టి పంపుతారు.